రాల్చినవాళ్ళే ఏరివ్వాలి

చందూలాల్ తండాలో బాలి గొంతు తెలియనివాళ్ళు లేరు. శ్రావణమాసంలో ఇల్లందు బస్సు తండా మలుపు దగ్గర ఆగితే, దిగేవాళ్ళకు ముందు ఆ గొంతు వినిపిస్తుంది, ఆ తర్వాతే ఇళ్ళు కనిపిస్తాయి. ఆమెకు అరవై దాటాయి. ఎంత దాటాయని ఎవరైనా అడిగితే, "సంబంధం చూస్తున్నవా ఏంది నాకు?" అని ఎదురు అడుగుతుంది. అంగన్‌వాడీలో ఆయమ్మగా ఏళ్ళతరబడి చేసింది కాబట్టి, తండాలో ఇప్పుడు మీసాలు వచ్చినవాళ్ళంతా ఆమె చేతి ఉప్మా తిన్నవాళ్ళే, ఆమె చేతి దెబ్బలు తిన్నవాళ్ళే. తీజ్ పండుగ తొమ్మిది రోజులూ పాట ఎత్తేది ఆమె. ఆమె రాకముందే పాట మొదలుపెట్టే ధైర్యం ఎవరికీ లేదు. నడిమధ్య ఎక్కడన్నా చరణం తప్పితే బాలి చూసే చూపును తట్టుకోవడం కష్టం.

ఆమె ఏడవగా చూసినవాళ్ళు మాత్రం తండాలో లేరు. భర్త లాలు పోయిన రోజు కూడా, దూరం నుంచి వచ్చినవాళ్ళకు చాయ్ పెట్టారా లేదా అని కోడలిని అడుగుతూనే ఉంది. గుండె కాదు, బండ అన్నారు కొందరు. అన్నవాళ్ళకు ఏం తెలుసు? ఆమెకు పదిహేనేళ్ళప్పుడు ఒక పాఠం ఒంటబట్టింది. అది ఆమెకు బాగా అచ్చొచ్చింది కూడా. అందుకని జీవితమంతా దాన్నే పట్టుకుని నడిచింది. ఆ పాఠం ఆమెకు రేగు కంప దగ్గర దొరికింది.

తీజ్ లంబాడీ ఆడపిల్లల పండుగ. పెళ్ళికాని పిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి నానిన గోధుమలు చల్లుతారు. ఆ బుట్టలను మంచె మీద పెట్టి, తొమ్మిది రోజులు పాటలు పాడుకుంటూ నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. గోధుమలు చల్లిన రోజు సాయంత్రం ఒక సరదా ఉంటుంది. ముళ్ళున్న రేగు కొమ్మను నరికి తెచ్చి నేలలో పాతుతారు. పిల్లలు నానబెట్టిన శనగలను ఒక్కొక్కటిగా ఆ ముళ్ళకు గుచ్చాలి. వాళ్ళు గుచ్చుతుంటే, వరసైన మగపిల్లలు వచ్చి కొమ్మను ఊపుతారు. శనగలు రాలిపోతాయి, ముళ్ళు వేళ్ళకు దిగుతాయి. అయినా ఆడపిల్ల ఏడవకూడదు, తిట్టకూడదు. నవ్వుతూ మళ్ళీ గుచ్చాలి. చందూలాల్ తండాలో దీనికి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. రాల్చినవాడే ఏరివ్వాలి. ఎంత మగాడైనా సరే, వంగి, మట్టిలో పడ్డ శనగలు ఏరి, ఆ పిల్ల దోసిట్లో పోసి పోవాలి.

బాలికి పదిహేనేళ్ళున్నప్పుడు, వాళ్ళక్కను ఇచ్చిన ఇంటి నుంచి వదిన వెంట లాలు పండుగకు వచ్చాడు. అందరి దగ్గరా ఒకసారి ఊపి వదిలేసినవాడు బాలి దగ్గర మాత్రం మళ్ళీ మళ్ళీ ఊపాడు. ఆమె వేలు చిట్లి నెత్తురు వచ్చింది. ఆమె నవ్వింది. శనగలు ఏరి దోసిట్లో పోస్తూ, తల ఎత్తకుండానే, "నొప్పైతలేదా?" అని అడిగాడు. "అయితే ఏంది?" అంది బాలి. నాలుగేళ్ళ తర్వాత వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. ఆ మాటను లాలు చచ్చేదాకా చెప్పుకుని నవ్వాడు.

ఇక అక్కడి నుంచి బాలికి లోకం సులువైపోయింది. అత్త దెప్పితే నవ్వేది. బీడీలకు తునికాకు కొనే కల్లంలో కట్టలు సరిగ్గా లేవని గుమాస్తా విసిరేస్తే నవ్వి మళ్ళీ కట్టేది. అంగన్‌వాడీకి వచ్చిన సూపర్‌వైజర్ అందరిముందు మాట అంటే, నవ్వి ఆమెకు కుర్చీ వేసేది. ఎదుటివాళ్ళు కాసేపటికి తామే మెత్తబడేవాళ్ళు. ఆటపట్టించేవాళ్ళంతా ఎప్పటికో అప్పటికి వంగి శనగలు ఏరి ఇస్తారని ఆమె గట్టి నమ్మకం.

ఈ నమ్మకాన్నే ఆమె మనవరాలికి నూరిపోసింది. అదే కొంప ముంచింది.

మనవరాలి పేరు భార్గవి. బాలి కొడుకు దేవ్‌సింగ్ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. కోడలు కమ్లి మిరప, పత్తి చేసుకుంటుంది. వాళ్ళ పెద్దపిల్ల ఈ భార్గవి. ఇల్లందులో ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతి. ఆ పిల్ల ఇంట్లో ఉంటే ఇంట్లో నలుగురు పిల్లలున్నట్టు ఉంటుంది. నల్లా తిప్పి బిందె పెట్టి మేక అరిచిందని మేక దగ్గరికి పోతుంది, అక్కడ తాడు తెగి ఉంటే తాడు కోసం పక్కింటికి పోతుంది, పక్కింట్లో టీవీ ముందు కూర్చుంటుంది. బిందె నిండి వాకిలి కూడా నిండాక, ఇవి ఎవరు వదిలిన నీళ్ళని అందరికన్నా ముందు తనే అరుస్తుంది. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేలోపు ఇంకో ప్రశ్నకు పోతుంది. ఎన్ని టిఫిన్ డబ్బాలు పోగొట్టిందో కమ్లి లెక్కపెట్టడం మానేసింది. కానీ ముసలాయన ఎవరన్నా బస్సు దిగలేక తడబడితే, అందరికన్నా ముందు చెయ్యి పట్టుకునేది ఆ పిల్లే. ఆలోచించి పట్టుకోదు. చెయ్యి ముందు పోతుంది, ఆలోచన వెనక వస్తుంది.

బాలికి ఆ పిల్లంటే ప్రాణం. ఎందుకో అడిగితే చెప్పడం ఆమెకు రాదు. తిడుతూనే ఉంటుంది, తన కంచంలోది తీసి దాని కంచంలో వేస్తూనే ఉంటుంది. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీయే. మనం తెలుగులో చెప్పుకుంటున్నాం, అంతే తేడా.

పోయిన ఏడు కమ్లి పట్టుబట్టి పిల్లను ఖమ్మం తీసుకుపోయి పిల్లల డాక్టరమ్మకు చూపించింది. ఆమె చాలాసేపు మాట్లాడించి, దీన్ని ఏడీహెచ్‌డీ అంటారని చెప్పింది. పిల్ల మొండిది కాదు, ఆకతాయిది కాదు. ఒక పని చెయ్యాలనిపిస్తే, చెయ్యనా వద్దా అని మనం ఒక్క క్షణం ఆగుతాం చూడండి, ఈ పిల్లకు ఆ ఆగడం ఆలస్యంగా వస్తుంది. దానికి మందులున్నాయి, నేర్పే పద్ధతులున్నాయి, మెల్లగా దారిలో పడుతుంది. ఇంకో మాట కూడా చెప్పింది డాక్టరమ్మ. తోటి పిల్లలు ఈ సంగతిని పెద్దవాళ్ళకన్నా ముందే కనిపెడతారు, కనిపెట్టి ఆడుకుంటారు, ఇంట్లో అడుగుతూ ఉండండి అని.

కమ్లి ఇంటికొచ్చి అంతా చెప్పింది. బాలి మొదటి సగం శ్రద్ధగా విని, "నేను ముందునుంచి అంటలేనా, పిల్లకు ఏం తక్కువ లేదని" అంది. రెండో సగం ఆమె చెవికెక్కలేదు. పిల్లలన్నాక ఆడుకుంటారు, అందులో చెప్పుకోవడానికి ఏముంది?

ఒక సాయంత్రం భార్గవి బడి నుంచి వచ్చి, సంచి కూడా దింపకుండా బాలి పక్కన కూలబడింది. "దాదీ, బడిల నన్ను ఆటపట్టిస్తున్నరు" అంది. మూతి ముడుచుకుని ఉంది, ఏడుపు ముక్కుదాకా వచ్చి ఉంది.

బాలి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చాట దింపకుండానే, "పట్టిస్తే పట్టించనీ. నువ్వు ఏడిస్తే వాళ్ళకు మజా వస్తది. నవ్వెయ్. నేను రేగు కంప కాడ నవ్వలేదా? మీ తాత వంగలేదా?" అంది. తర్వాత ఆ కథంతా మళ్ళీ చెప్పింది. పిల్లకు ఆ కథ ఇష్టం. సగంలోనే ఏడుపు మరిచిపోయి, "తాత నిజంగా వంగిండా?" అని నవ్వింది. బాలికి తన వైద్యం పనిచేసినట్టే అనిపించింది. ఎవరు ఆటపట్టిస్తున్నారు, ఎలా పట్టిస్తున్నారు అని మాత్రం అడగలేదు.

ఆ తర్వాత భార్గవి ఎప్పుడూ ఫిర్యాదు తేలేదు. కమ్లి అడిగితే, "ఏం లేదమ్మా, మస్తున్నది" అని నవ్వేది. ఒకరోజు దేవ్‌సింగ్ ఫోనుకు ఎవరో ఒక వీడియో పంపారు. భార్గవి తరగతిలో బల్ల ఎక్కి, చేతులు ఊపుతూ గిరగిర తిరుగుతోంది. చుట్టూ పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. దేవ్‌సింగ్ నవ్వాడు, బాలి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. "ఎంత హుషారు చూడు నా మనవరాలు" అని పక్కింటివాళ్ళకు కూడా చూపించింది. భార్గవి గుమ్మంలో నిలబడి, వాళ్ళు నవ్వడం చూసి, తనూ నవ్వింది.

ఆషాఢం చివర్లో బడి నుంచి కబురొచ్చింది. భార్గవి మూడో పీరియడ్‌లో పోయి ఇంటిగంట కొట్టేసిందట. బడి మొత్తం సంచులు సర్దుకుని బస్సుల దగ్గరికి వచ్చేసింది. ఎందుకు కొట్టావంటే నవ్విందట. హెడ్మాస్టర్ దేవ్‌సింగ్‌ను కూర్చోబెట్టి, ఇంకోసారి ఇలా అయితే టీసీ ఇచ్చి పంపించేస్తాం, వేరే బడి చూసుకోండి అన్నాడు. తొమ్మిది నడుస్తుండగా బడి మారిస్తే పది ఏమవుతుందోనని దేవ్‌సింగ్‌కు తిండి సయించలేదు. ఆ రాత్రి అన్నాల దగ్గర భార్గవి, తల కంచంలో పెట్టి, "టీసీ ఇయ్యక్కర్లే. పండుగైనంక నేనే పోను. అమ్మతోని చేనుకు పోత" అంది. ఎందుకని ఎంత అడిగినా అదే మాట. అనేది నవ్వుతూ అంది. బాలికి మొదటిసారి ఆ నవ్వు నచ్చలేదు, ఎందుకు నచ్చలేదో మాత్రం ఆమెకు అర్థం కాలేదు.

బడి మానేస్తే ఏముంది, తండాలో ఎంతమంది మానలేదు అని తీసిపారేసే మనిషి కాదు బాలి. ఆమె అంగన్‌వాడీలో అంతమంది పిల్లలకు అక్షరాలు దిద్దించే టీచర్ పక్కన నిలబడి, తను మాత్రం వేలిముద్ర వేసి జీతం తీసుకుంది. మనవరాలు డిగ్రీ చదవాలని, ఆఫీసులో కుర్చీలో కూర్చోవాలని ఆమెకు ఎంత కోరికో ఎవరికీ చెప్పలేదు. భార్గవి కుర్చీలో ఎంతసేపు కూర్చోగలదన్నది వేరే సంగతి.

తీజ్ వచ్చింది. తండా పెద్ద, నాయక్ మోతీలాల్ ఇంటిముందు మంచె కట్టారు. పిల్లలంతా కొత్త బట్టలేసుకుని బుట్టల్లో గోధుమలు చల్లారు. భార్గవి రానంటే రానంది. బాలి బతిమాలి, బెదిరించి, చివరికి తన వెండి కడియాలు వేసి తీసుకొచ్చింది. సాయంత్రం రేగు కొమ్మ పాతారు. వాన వెలిసి మట్టి మెత్తగా ఉంది. బాలి పాట ఎత్తింది. ఆడవాళ్ళు అందుకున్నారు. పిల్లలు కొమ్మ చుట్టూ చేరి శనగలు గుచ్చడం మొదలుపెట్టారు.

భార్గవి పక్కనే హేమలత ఉంది. మోతీలాల్ మనవరాలు, భార్గవి తరగతే, ఇద్దరూ ఒకే బస్సులో పోతారు. జడ చక్కగా, మాట చక్కగా, ఏ పని చెప్పినా చక్కగా చేసే పిల్ల. మగపిల్లల్లో ముందున్నవాడు రూప్‌సింగ్, అదే బడిలో పదో తరగతి. వాడు కొమ్మ ఊపాడు, శనగలు రాలాయి, పిల్లలు కెవ్వున నవ్వారు. వాడు వంగి ఏరిచ్చాడు. అంతా పద్ధతిగానే ఉంది. బాలి పాడుతూ, లాలును తలుచుకుంటూ, హాయిగా ఉంది.

కొంతసేపటికి ఆమె కళ్ళు మనవరాలి మీద పడ్డాయి. భార్గవి ముళ్ళకు గుచ్చినవి గుచ్చినట్టే రాలిపోతున్నాయి. మిగతా పిల్లల వైపు కొమ్మ నిలకడగా ఉంది, ఆమె వైపే మాటిమాటికీ ఊగుతోంది. హేమలత చెయ్యి పైకెత్తి, టీవీ రిమోట్ నొక్కినట్టు బొటనవేలు ఆడిస్తోంది. వేలు ఆడగానే రూప్‌సింగ్ ఊపుతున్నాడు. మళ్ళీ వేలు ఆడించి హేమలత నోట్లోనే ఏదో అంది. భార్గవి చేతిలో శనగలు గాల్లోకి విసిరేసి గిర్రున తిరిగింది. పిల్లలు నవ్వారు. భార్గవి నవ్వింది. ఆమె కాళ్ళ దగ్గర శనగలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మట్టిలోకి తొక్కుకుపోయి. ఒక్కరూ వంగలేదు.

బాలి పాట ఆపేసింది. చరణం మధ్యలో ఆమె ఆపడం ఎవరూ ఎరగరు. వెనక ఆడవాళ్ళు ఇంకో రెండు మాటలు పాడి తడబడి ఆగిపోయారు.

"ఏరియ్యలేదేంది?" అంది బాలి.

రూప్‌సింగ్ తల గోక్కున్నాడు. "భార్గవికి అవసరం లేదు దాదీ. బడిల కూడా గంతే. ఆమె రిమోట్ పిల్ల. మేం నొక్కితే చేస్తది."

"ఆమెకిష్టమే దాదీ" అంది హేమలత, ఎప్పటిలాగే చక్కగా. "చూడు, నవ్వుతుంది కదా."

బాలి చూసింది. ఆ పిల్ల నిజంగానే నవ్వుతోంది. పళ్ళు కనిపిస్తున్నాయి, గడ్డం వణుకుతోంది, కళ్ళు నిండి ఉన్నాయి. వేళ్ళ నిండా నెత్తురు చుక్కలు. ఆమె హేమలత వైపు చూడటం లేదు, రూప్‌సింగ్ వైపు చూడటం లేదు. బాలి వైపే చూస్తోంది. నేను సరిగ్గా నవ్వుతున్నానా దాదీ, అని అడుగుతున్నట్టు చూస్తోంది.

అప్పుడు బాలికి అర్థమైంది. బడిలో ఆ పిల్లను బల్ల ఎక్కించినప్పుడు కూడా ఈ నవ్వే నవ్వి ఉంటుంది. గంట కొట్టినందుకు టీచర్లు నిలదీసినప్పుడు కూడా ఇదే నవ్వి ఉంటుంది. నవ్వుతోంది కాబట్టి ఎవరూ ఆపలేదు. నవ్వుతోంది కాబట్టి తప్పంతా ఆమెదే అయింది. ఫోన్‌లో ఆ వీడియో చూసి తనూ పళ్ళు ఇకిలించింది. పిల్లకు నొప్పి చెప్పుకోవడానికి ఉన్నది ఒక్క మొహం, ఆ మొహాన్ని బాలే తన చేత్తో మూసేసింది. అంతమంది పిల్లలను పెంచిన తనకు ఇంటి పిల్ల ఏడుపు తెలియలేదు.

ఆమె పోయి భార్గవి రెండు చేతులూ పట్టుకుంది.

"నవ్వకు ఛోరీ."

"ఆఁ?"

"నవ్వకు. నీకు నవ్వొస్తలేదు."

"ఆగుతలే దాదీ" అంది భార్గవి, ఇంకా నవ్వుతూనే.

"ఆగుతది. జల్దేం లేదు. నేనిక్కడనే ఉన్న."

ఆ పిల్ల నవ్వు ఎక్కడ తెగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో పక్కనున్నవాళ్ళకు తెలియలేదు. ఒక్కసారిగా బొబ్బపెట్టి ఏడ్చింది. తీజ్ మొదటిరోజున, రేగు కొమ్మ ముందర ఆడపిల్ల ఏడవడం అపశకునం. ముసలమ్మలు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మోతీలాల్ మంచె దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"పండుగ పూట పిల్లనెందుకు ఏడిపిస్తున్నవు బాలీ?"

"ఏడిపించింది నేను కాదు నాయక్. నేను నవ్వించిన. అదే తప్పయింది."

అప్పుడు భార్గవి చెప్పింది. వరసగా కాదు, ఆమెకు వరసగా చెప్పడం రాదు. ముందు గంట సంగతి, దాని నుంచి మొన్నటి టిఫిన్ డబ్బా సంగతికి, అక్కడి నుంచి నిరుటికి. ఎవరో ఒకరు వేలు ఆడించి 'బల్లెక్కు' అంటారు. కాళ్ళు ఎక్కేస్తాయి. ఎక్కాక గానీ ఎక్కానని తెలియదు. టీచర్ వచ్చేసరికి వాళ్ళంతా చేతులు కట్టుకుని కూర్చుంటారు, నిలబడి దొరికేది తనే. మొదట్లో చెయ్యనని ఏడిస్తే ఇంకా ఎక్కువ చేశారు. నవ్వితే వాళ్ళతో కూర్చోనిచ్చారు. అది కూడా కొన్నాళ్ళే. ఇప్పుడు అన్నం తినేప్పుడు పక్కన ఎవరూ కూర్చోరు, నొక్కాలనిపించినప్పుడే వస్తారు. "నువ్వు నవ్వితే తాత వంగిండు. నేను ఎంత నవ్వినా వీళ్ళు వంగుతలేరు దాదీ. నాకు సరిగ నవ్వొస్తలేదనుకున్న" అంది.

కమ్లి వచ్చి కూతురిని వెనక నుంచి పట్టుకుంది.

మోతీలాల్ గొంతు సవరించుకున్నాడు. "పిల్లల ఆటకు ఇంత పంచాయితీ ఎందుకు" అన్నాడు, కానీ మనవరాలి మొహం వైపు చూడకుండా అన్నాడు.

"ఆటైతే వంగాలె నాయక్. మన తండల మగోడు రాల్చి ఏరియ్యకుండ పోతే మీ తాత ఊరుకునెటోడా? ఒకలు రాల్చుడు, ఇంకొకలే ఏరుకునుడు అయితే అది ఆట కాదు."

రూప్‌సింగ్ అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలోంచి శనగలు గీకుతున్నాడు. వాడు చెడ్డవాడు కాదు, వేలు ఎవరు ఆడిస్తే వాళ్ళ మాట వినే రకం. హేమలత వంగలేదు. మొహం ఎర్రబడి, పరికిణీ కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని విసవిసా ఇంట్లోకి వెళ్ళిపోయింది. బాలి ఆమెను పిలవలేదు. అంగన్‌వాడీలో ఆ పిల్లకు పక్కన ఎవరన్నా కూర్చుంటేనే ముద్ద దిగేది. టౌన్ బడిలో అడుగుపెట్టిన రోజున ఈ ఇద్దరినీ కలిపే 'తండా పిల్లలు' అని వేలు పెట్టి చూపించి ఉంటారు. ఆ వేలు తన మీది నుంచి తప్పించుకోవడానికి హేమలత పక్కనున్న పిల్లను ముందుకు తోసింది. ఇది బాలికి ఎవరూ చెప్పలేదు. ఆయమ్మలకు కొన్ని ఊరికే తెలుస్తాయి. తెలిసినంత మాత్రాన కోపం పోలేదు. ఆ పిల్ల మీద జాలి కూడా ఆమెకు ఆ రాత్రి కోపంతో కలిసే వచ్చింది.

పొద్దున మొలకలకు నీళ్ళు పోసే వేళకు బాలి బస్సు మలుపు దగ్గర ఉంది. పాట ఎవరు ఎత్తుతారని ఆడవాళ్ళు అడిగారు. "మీకు నోర్లు లేవా?" అంది. కమ్లి తనూ వస్తానంది. "నువ్వొద్దు. నేను చెప్పిన మాట నేనే వాపస్ తీసుకోవాలె" అని మనవరాలిని మాత్రం వెంటపెట్టుకుంది. భార్గవి సంచి వేసుకుంది గానీ బడికి పోతున్నట్టు లేదు. బస్సులో బాలి ఆమెతో ఒక ఒప్పందం చేసుకుంది. ఈ ఒక్కరోజు కూర్చో. సాయంత్రం వచ్చి నీకెట్లనిపిస్తే అట్ల చెప్పు. వద్దంటే వద్దే, ఇగ నేను మళ్ళ అడగ. ఆ చివరి మాట అనేటప్పుడు బాలి కిటికీలోంచి బయటికి చూసింది.

హెడ్మాస్టర్ మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు. క్లాస్ టీచర్‌ను కూడా పిలిపించాడు. ఆమె చిన్నపిల్ల, కొత్తగా చేరినట్టుంది.

"ఏడీహెచ్‌డీ అని వాళ్ళమ్మగారు చెప్పారమ్మా, మాకు గుర్తుంది" అన్నాడాయన. "కానీ పిల్లలు ఏడిపిస్తున్నారంటే నమ్మడం కష్టంగా ఉంది. ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటుంది. బాధపడితే తెలుస్తుంది కదా."

"తెల్వది సార్. నేను దాదీని, ఒకటే ఇంట్ల ఉంట. నాకే తెల్వలే." బాలి గొంతు ఇల్లందు దాకా వినిపించే గొంతు, అప్పుడు మాత్రం టేబుల్ అవతలికి కూడా సరిగ్గా పోలేదు. "నవ్వుమని నేనే చెప్పిన. ఏడిస్తే మజా చేస్తరు, నవ్వెయ్ అన్న. అది నా మాట ఇన్నది, అంతే. గంట కొట్టిన పిల్లను మీరు అడిగిన్రు. కొట్టు అన్న పిల్లలను అడుగలే. నేను కూడా అడుగలే. మీదెంత తప్పో నాది అంతకు ఎక్కువ."

హెడ్మాస్టర్ పేపర్‌వెయిట్ తిప్పుతూ, చూద్దాం, విచారిస్తాం అన్నాడు. ఆ మాట వేలసార్లు విన్న మనిషి బాలి, దానికి ఎంత విలువో తెలుసు. కానీ క్లాస్ టీచర్ ఆయన వైపు చూడటం లేదు, భార్గవి వేళ్ళ వైపు చూస్తోంది. "నేను కూడా నిలబడి ఉన్న పిల్లనే తిట్టాను సార్. కూర్చున్నవాళ్ళ వైపు ఎప్పుడూ చూడలేదు" అంది. తర్వాత భార్గవి ముందు వంగి, "ఇకనుంచి ఎవరన్నా వేలు ఆడిస్తే నా వైపు చూడు. నువ్వు బల్ల ఎక్కేసి ఉన్నా సరే, చూడు. ముందు ఆడించినవాళ్ళనే అడుగుతాను" అంది. భార్గవి అలవాటు కొద్దీ నవ్వబోయి, దాదీ వైపు చూసి, ఆగింది.

బాలి తండాకు తిరిగొచ్చింది. మధ్యాహ్నం నీళ్ళ పాట ఎత్తింది గానీ రెండుసార్లు చరణం తప్పింది. ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పొద్దు వాలకముందే పోయి మలుపు దగ్గర నిలబడింది. బస్సు రావడానికి ఇంకా చాలా టైముంది. పిల్ల దిగి, ఇగ పోను దాదీ అంటే ఏం చెయ్యాలి? మాట ఇచ్చింది, మాట మీద నిలబడాలి. ఆఫీసు కుర్చీ, డిగ్రీ, పది పరీక్ష, అన్నీ ఆ బస్సు తలుపు దగ్గరే తేలిపోతాయి. బస్సు చప్పుడేమోనని రెండుసార్లు రోడ్డు మీదికి పోయి వెనక్కి వచ్చింది.

బస్సు వచ్చింది. హేమలత ముందు దిగి, తల వంచుకుని చకచకా పోయింది. వెనక భార్గవి దిగింది. మొహం గంటు పెట్టుకుని ఉంది. ఒక కాలి చెప్పు తెగి చేతిలో ఉంది.

"ఏమైంది ఛోరీ?"

"ఏమైందేంది, అంతా ఖరాబే" అని మొదలుపెట్టింది. వెనక బెంచి పిల్ల మళ్ళీ వేలు ఆడించింది. తను లేచింది, సగం లేచి టీచర్ వైపు చూసింది. టీచర్ ఆ వెనక పిల్లను బయట నిలబెట్టింది. దాంతో ఆ పిల్ల స్నేహితులంతా తనతో మాట్లాడటం మానేశారు. ముందు బెంచిలో కూర్చోబెట్టారు, అక్కడ బోర్డు మీది సుద్దపొడి అంతా మొహం మీదే పడుతుంది. డబ్బా మూత రాలేదు, హేమలత తీసిచ్చింది, తీసిచ్చి ఒక్క మాట కూడా మాట్లాడలేదు, అట్ల మాట్లాడకుండ తీసిస్తే ఏం చెయ్యాలె? రేపు సైన్స్ పరీక్షంట, ఎవరూ ముందు చెప్పలేదు, చెప్పారేమో తను వినలేదేమో, ఇప్పుడు రాత్రికి రాత్రి అంత పాఠం ఎట్ల చదువుతది, తొందరగా నడువు దాదీ.

బాలి తొందరగా నడవలేదు. 'రేపు' అన్న మాట దగ్గరే ఆమె గుండె నిలకడ పడింది. ఇక మిగిలిన దారంతా ఆ పిల్ల సణుగుతూనే ఉంది. సుద్దపొడి గురించి, చెప్పు గురించి, బస్సులో కిటికీ పక్క సీటు ఎవరో తీసుకున్నదాని గురించి, తల్లి పొద్దున ఉప్పు ఎక్కువ వేసినదాని గురించి. అంత సణుగుడును బాలి తన జన్మలో ఓపికగా విన్నది లేదు. మంచె దగ్గర ఆడవాళ్ళు పాట కోసం ఎదురుచూస్తున్నారు. ఆమె అటు పోలేదు. మనవరాలి పక్కనే మెల్లగా నడుస్తూ, ఒక్కొక్కదానికీ "అవునా? ఆఁ, తర్వాత?" అంటూ, ఇల్లు చేరేదాకా ఒక్కసారి కూడా నవ్వమని చెప్పలేదు.